ముందు ఏ భాషలో పరీక్షించారో అడగండి

ఒడిశాలోని రాయగడలో ఉంటున్నామని, అమ్మగారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) అని, మామూలు కుటుంబాలు ప్రభుత్వాన్ని ఏమని అడగగలవని రాశారు. మాది పర్లాకిమిడి. నాన్నగారి జబ్బుతో ఆరేళ్లు తిరిగాను. "అవగాహన పెంచండి" అని మాత్రం అర్జీ పెట్టకండి. దానికి బదులుగా ఒక ఊరేగింపు, ఒక బ్యానరు వస్తాయి, అంతే.

నాన్నగారు నలభై ఏళ్లు బట్టల కొట్టు నడిపారు. బేరమంతా ఒడియాలోనే. జబ్బు మొదలయ్యాక ముందుగా జారిపోయింది ఆ ఒడియానే. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు ఆయనను ఒడియాలోనే అడిగారు: ఇది ఏ నెల, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత? నాన్న నా ముఖం చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాల్లో "బాగా ముదిరింది" అని చీటీ మీద రాసేశారు. తర్వాత విశాఖ తీసుకెళ్లి తెలుగులో అడిగించాం. తొంభై మూడు, ఎనభై ఆరు అని చెప్పి అక్కడ ఆగారు. ఏ నెల అంటే, "కార్తీకం. ఇంకా దీపం పెట్టలేదేం?" అని నన్నే కోప్పడ్డారు. నిజంగానే కార్తీకం! జబ్బు ఉంది, కానీ తొలిదశ. పైగా జ్ఞాపకశక్తిని దెబ్బతీయగల విటమిన్ బి12 లోపం ఉన్నట్టు రక్తపరీక్షలో తేలింది. సూదిమందుతో సరిచేయగలిగిన ఆ లోపం కోసం మొదటిచోట పరీక్షే రాయలేదు.

భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్షలు 2020 నాటికి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళాల్లో వచ్చాయి. ఆ ఐదింటిలో తెలుగు ఉంది, ఒడియా లేదు. మన వైపు ఆసుపత్రుల్లో మాత్రం తెలుగులో అడిగే మనిషి దొరకడం కష్టం. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది: రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. నాన్నకూ ఆ ఏళ్లు దక్కాయేమో. పరిశోధన కావాలని అడిగేటప్పుడు, సరిహద్దులో రెండు భాషల మధ్య బతికే మనవాళ్లనూ అందులో చేర్చమని అడగండి.

ఇక దివ్యాంగుల ధ్రువపత్రం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని జాబితాలో డిమెన్షియా పేరు లేదని మమ్మల్ని తిప్పి పంపారు. అదే చట్టంలో మానసిక రుగ్మతకు ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి, స్థలకాలాల స్పృహ దెబ్బతినడం కూడా ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి మళ్లీ వెళ్లాను. పదకొండు నెలలు పట్టింది.

కేరళ 2014లోనే డిమెన్షియాకు రాష్ట్ర పథకం మొదలుపెట్టింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ప్రణాళిక ప్రతి దేశాన్నీ సొంత విధానం రాసుకోమంది. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది బాధితులు. ఎమ్మెల్యేకు రాసే ఉత్తరంలో ఈ మూడూ చాలు. కలెక్టరు గ్రీవెన్స్‌లో మాత్రం ఒకే కోరిక పెట్టండి: వృద్ధుల క్లినిక్‌లో తెలుగు పరీక్ష, దాన్ని చేయగల ఒక మనిషి.

నేను మూడుసార్లు పెట్టాను. ఇప్పుడు వారానికి ఒక రోజు తెలుగు వచ్చిన నర్సమ్మను కూర్చోబెడుతున్నారు. అర్జీ ఒడియాలోనే ఇవ్వండి, ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా కదలకండి. మా పక్కింటి మాస్టారు రాసిపెట్టిన నకలు నా దగ్గరుంది, కావాలంటే పంపుతాను.