ర్యాంపు కట్టించాం కదా, ఇంకేం కావాలి?

కాలేజీ భవనాల మీద గత నెల రాసిన నాలుగు ముక్కలకి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఎక్కడ ఎవరికి అడ్డం తగులుతుందో చూసి రాసిచ్చే ఆర్కిటెక్ట్‌ని నేను. మాట కాస్త కటువుగా ఉంటే సర్దుకోండి.

ప్రశ్న: మాది జిల్లా కేంద్రంలో ప్రైవేటు డిగ్రీ కాలేజీ. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్ళొస్తారని ముందు మెట్ల పక్కన ర్యాంపు కట్టించాం, కింద వికలాంగులకని ఒక టాయిలెట్ కూడా కేటాయించాం. ఇప్పుడు క్యాంపస్ మొత్తానికి యూనివర్సల్ డిజైన్, అంటే ఎవరైనా వాడుకోగలిగేలా కట్టడం, ఉండాలంటున్నారు. మా దగ్గర వీల్‌చైర్ విద్యార్థి ఒక్కరూ లేరు. అంత ఖర్చు అవసరమా?
– ఒక కరస్పాండెంట్, రాయలసీమ

జవాబు: కరస్పాండెంట్ గారూ, అడ్మిషన్‌కని వచ్చి, మీ మెట్లు చూసి, ఆటో దిగకుండానే వెనక్కి తిరిగినవాళ్ళ లెక్క మీ రిజిస్టర్లో ఉండదు కదండీ.

ముందు మీ ర్యాంపు చూద్దాం. ఒక టేపు పట్టుకెళ్ళండి. ముందు మూడు మెట్లున్నాయనుకుందాం, ఒక్కోటి 6 అంగుళాలు. మొత్తం ఎత్తు 18 అంగుళాలు. అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవు ఉండాలి, అదే 1:12 వాలు. అంటే మీకు 18 అడుగుల ర్యాంపు కావాలి. నేను చూసేవాటిలో చాలావరకు ఐదారడుగులు దాటవు. అవి స్కూటర్ ఎక్కించుకోడానికి తప్ప దేనికీ పనికిరావు. వీల్‌చైర్లో ఉన్న మనిషి సొంతంగా ఎక్కలేడు, దిగేటప్పుడు ముందుకి బోర్లా పడతాడు. పైన పాలిష్ గ్రానైట్ పరిచి ఉంటే వాన పడ్డ రోజున నడిచేవాళ్ళకే గ్యారంటీ లేదు. ర్యాంపు మొదట్లో రోడ్డుకీ దానికీ మధ్య రెండంగుళాల గట్టు వదిలేశారేమో కూడా చూడండి. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, అక్కడే ఆగిపోతాయి. దారిలో కాలవ మీద ఇనప జాలీ ఉంటే దాని కమ్మీలు నడకకి అడ్డంగా ఉండాలి. పొడుగునా ఉంటే చక్రం సందులో దిగబడుతుంది.

ఇక టాయిలెట్. తాళం వేసి ఉంటే చెవి ఏ అటెండర్ జేబులో ఉందో కనుక్కోండి. తెరిచాక లోపల ఫినాయిల్ డబ్బాలు, చీపుళ్ళు, నిరుటి యాన్యువల్ డే ఫ్లెక్సీలు కనిపిస్తే నేను ఆశ్చర్యపోను. అవన్నీ తీయించి కొలవండి. తలుపు సందు 900 మి.మీ. ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే కుర్చీ వెళ్ళాక తలుపు మూసుకోదు. లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి 1,500 మి.మీ. చోటు కావాలి. కమోడ్ పక్కన బరువంతా మోపినా ఊడిరాని పట్టుకమ్మీ కావాలి. టవల్ స్టాండు బిగించి అదే ఇదంటే కుదరదు.

ఎవరికోసం అంటారా? క్రికెట్లో కాలు విరగ్గొట్టుకున్న మూడో సెమిస్టర్ కుర్రాడికి. ఏడో నెల గర్భంతో క్లాసుకొచ్చే లెక్చరర్‌కి. మోకాళ్ళ నొప్పుల హెడ్ క్లర్కుకి. 20 లీటర్ల క్యాన్లు మోసుకొచ్చే వాటర్ అబ్బాయికి. పట్టా ప్రదానం చూడ్డానికి వచ్చే నాయనమ్మకి.

ఈ ఆలోచనకి యూనివర్సల్ డిజైన్ అని పేరు పెట్టిన రోనాల్డ్ మేస్ అమెరికన్ ఆర్కిటెక్ట్. చిన్నప్పుడే పోలియో వచ్చి వీల్‌చైర్లో పెరిగాడు. నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో మెట్లమీద ఆయన్ని ఎవరో ఒకరు ఎత్తుకెళ్తే తప్ప క్లాసు లేదు. ఆ యూనివర్సిటీ నుంచే 1997లో ఆయనా, సహచరులూ కలిసి ఏడు సూత్రాలు ఇచ్చారు. మొదటి సూత్రం ప్రకారం వీలైనంతవరకూ అందరిదీ ఒకే దారి కావాలి, ఎవర్నీ విడదీయకూడదు. అందుకే వెనక జనరేటర్ గది పక్కనుంచి ర్యాంపు వేసే ప్లాన్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొలతలు సరిపోయినా సరే, అది దొడ్డిదారే.

కొత్త బ్లాకు కడుతున్నట్లయితే ప్లాను గీసేటప్పుడే ప్లింత్ (బయటి నేల నుంచి లోపలి గచ్చు దాకా) ఎత్తు తగ్గించి, నేలని మెల్లగా వాలుగా తెస్తే ర్యాంపు అవసరమే రాకపోవచ్చు. ఖర్చంతా కట్టాక పగలగొట్టడంలోనే ఉంటుంది.

చట్టం ప్రైవేటుకి వర్తించదనుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్ని కూడా కలుపుకునే మాట్లాడుతుంది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, భవనాలు వికలాంగులకి అందుబాటులో ఉండేలా చూసే ప్రమాణాలు ఉత్త సిఫార్సులుగా మిగలడానికి వీల్లేదని, తప్పనిసరి నిబంధనలు రాయాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన షామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ సెకండియర్. వెన్నెముక సమస్య వల్ల వీల్‌చైర్ వాడతాను. క్లాసులు రెండో అంతస్తులో. లిఫ్టు ఉంది గానీ ‘స్టాఫ్ ఓన్లీ’. ఫ్రెండ్స్ కుర్చీతో సహా మోసుకెళ్తారు. పైన నేను వెళ్ళగలిగే టాయిలెట్ లేదు, అందుకని సాయంత్రం దాకా నీళ్ళు తాగను. అడిగితే ‘నీ ఒక్కదానికోసం రూల్స్ మారుస్తామా’ అంటారేమోనని టెన్షన్.
– విజయవాడ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: చెల్లీ, నీళ్ళు మానడం మాత్రం వెంటనే ఆపెయ్. వెన్నెముక సమస్య ఉన్నవాళ్ళకి యూరిన్ ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం మామూలుగానే ఎక్కువ. డాక్టర్ గారితో ఈ సంగతి విడిగా మాట్లాడు. మీ ఫ్రెండ్స్ మంచివాళ్ళే, కాదనను. కానీ మోసేవాళ్ళలో ఒకరి కాలు మెట్టు మీద జారితే ఏం జరుగుతుందో ప్రిన్సిపాల్ గారికి ఎవరో ఒకరు చెప్పాలి.

నోటితో అడగొద్దు, కాగితం పెట్టు. ప్రిన్సిపాల్ పేరు మీద రాసి, కాపీ హెచ్ఓడీకి ఇవ్వు. అందులో మూడే అడుగు. ఒకటి, మా సెక్షన్ థియరీ క్లాసులు కింది అంతస్తుకి మార్చండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, టైంటేబుల్ వేసే సార్ ఒక గంట కూర్చుంటే అయిపోతుంది. రెండు, ల్యాబులు కదలవు కాబట్టి లిఫ్టు వాడనివ్వండి. మూడు, కింది అంతస్తులో నేను వాడగలిగే టాయిలెట్ ఒకటి తెరిచి ఉంచండి. ‘దయతో’, ‘కరుణించి’ లాంటి మాటలు రాయకు. ‘2016 చట్టం 16వ సెక్షన్ ప్రకారం నాకు అవసరమైన సౌకర్యాలు’ అని రాయి. ఆఫీసులో ఇచ్చి, నీ కాపీ మీద ఇన్వార్డ్ నంబరు వేయించుకో. ఆ నంబరు పడితే కాగితం పోయిందనడం కష్టం. కదలిక లేకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ ఈ కాపీయే నీకు ఆధారం.

లిఫ్టు ఎక్కినప్పుడు వెనక గోడకి అద్దం ఉందో లేదో చూడు. అందరూ తల దువ్వుకోడానికే అనుకుంటారు. లోపల తిరగడానికి చోటు చాలక వెనక్కి వెనక్కి వచ్చే వీల్‌చైర్‌కి వెనక ఎవరున్నారో కనబడటానికి అది పెడతారు. లేకపోతే దరఖాస్తులో నాలుగోదిగా అదీ చేర్చు.

ప్రశ్న: మేడమ్, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. ఈ ఏడాది చూపు లేని కుర్రాడు ఒకడు చేరాడు. ఫోన్ చదివి వినిపిస్తుందట. నా నోట్సు వాట్సాప్‌లో పంపితే ‘సార్, ఏమీ చదవట్లేదు’ అంటాడు. నాకేమో పీడీఎఫ్ బ్రహ్మాండంగా ఓపెన్ అవుతోంది!
– ఒక లెక్చరర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాస్టారూ, మీ పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగులోనే వస్తే సమస్య ఇంకెక్కడో ఉంది. పిచ్చి గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసి వస్తే అది ‘అను’ ఫాంటు లాంటి పాత డీటీపీ ఫాంటు. అసలు లైను సెలెక్టే కాకపోతే అది స్కాన్, అంటే ఫోటో. మన డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన నోట్సులో చాలావరకు ఆ పాత ఫాంటు రకమే. కంటికి ‘అశోకుడు’ అని కనబడుతున్నా యంత్రానికి అక్కడున్నది అర్థం లేని గుర్తులే. టైపు చేసేవాళ్ళని యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల్లో, ఇమ్మనండి. లేదా మీరే ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి మాట్లాడుతూ పోండి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. హెడ్డింగుల్ని వర్డ్‌లో హెడ్డింగులుగానే పెట్టండి. బోల్డ్ చేసి వదిలేస్తే వాడు మొదటి పేజీ నుంచి వింటూ రావాలి. కంప్యూటర్‌కి ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెరమీది రాత చదివి వినిపించే ప్రోగ్రాం) ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది.

క్లాసులో బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి. మ్యాపు దగ్గర ‘ఇక్కడినుంచి ఇదిగో ఇక్కడి దాకా’ అంటే ఆ అబ్బాయికి ఏమీ అందదు. ‘మహానదికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున’ అనండి. బోర్డు మీద ఎండ పడి ఏమీ కనబడని చివరి బెంచీవాళ్ళు కూడా రాసుకుంటారు. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే అలవాటుంటే మానుకోండి. వినికిడి తక్కువైనవాళ్ళు పెదాలు చూసే సగం పట్టుకుంటారు. పరీక్షలప్పుడు రాసిపెట్టే మనిషి, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం వాడి హక్కు. ఆ దరఖాస్తు పరీక్షల సెక్షన్‌కి ఫీజు కట్టినప్పుడే వెళ్ళేలా చూడండి. హాల్ టికెట్ వచ్చాక పరిగెడితే అందరికీ ఇబ్బందే.

ప్రశ్న: మా యూనివర్సిటీలో ఫుట్‌పాత్ మీద పసుపు పచ్చ గరుకు టైల్స్ వేశారు. జనం వాటి మీదే బైకులు పెడుతున్నారు. అసలవి దేనికి?
– వరంగల్ నుంచి ఒక పీజీ విద్యార్థి

జవాబు: నిలువు గీతలున్న టైలు ఇటే నడవమని చెబుతుంది. బొడిపెలున్నది ముందు మెట్టో మలుపో రోడ్డో ఉంది, ఆగమంటుంది. తెల్ల కర్ర కొసకీ అరికాలికీ ఆ తేడా తెలుస్తుంది. పసుపు రంగు కొద్దిపాటి చూపు ఉన్నవాళ్ళ కోసం. ఒక క్యాంపస్‌లో ఈ పట్టీ సరాసరి వేపచెట్టు మొదట్లోకి వెళ్ళి ఆగింది. టైల్స్ మిగిలిపోయాయి, వేసేశామన్నాడు మేస్త్రీ!

బైకులు అక్కడ ఎందుకు పెడుతున్నారో చూడండి. స్టాండు దూరంగా, ఎండలో ఉంటే ఎన్ని బోర్డులు పెట్టినా ఆగరు. దాన్ని దగ్గరికి తెప్పించి, పైన రేకులు వేయించమని విద్యార్థుల తరఫున అడగండి. ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్ళు ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఇనప గుంజలు పాతుతామంటే సందు 900 మి.మీ. కన్నా తగ్గనివ్వద్దు. ఆ సందులో బైకు కూడా దూరుతుంది, నిజమే. కానీ బైకుని ఆపాలని ఇరుకు చేస్తే ముందు ఆగిపోయేది వీల్‌చైర్.