పల్టీలు కొట్టించే ముందు

చి. స్వాతికి, మావయ్య ఆశీస్సులు.

నీ చేత్తో నువ్వే సోల్డరింగ్ చేసి నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్, అదే క్వాడ్‌కాప్టర్ కట్టావని, ఇక దానితో పల్టీలు నేర్చుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉందమ్మా. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు సిమ్యులేటర్, నీ రిమోట్‌నే కంప్యూటర్‌కు తగిలించి. బల్ల మీద పనిచేసేటప్పుడు ప్రొపెల్లర్లు తీసెయ్. ఉబ్బిన బ్యాటరీ వాడకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఫెయిల్‌సేఫ్ గురించి, అంటే రిమోట్ సిగ్నల్ తెగితే క్వాడ్ ఏం చెయ్యాలో ముందే పెట్టుకునే ఏర్పాటు గురించి. నాతో మోడల్ విమానాలు ఎగరేసిన మిత్రుడొకడు, మంచి చెయ్యి, కొత్త క్వాడ్ కట్టి సెట్టింగ్స్ చూడకుండానే గ్రౌండ్‌కు తెచ్చాడు. సిగ్నల్ పోతే చివరి ఆదేశాన్నే పట్టుకుని ఉండేలా ఉంది, క్వాడ్‌లో రిమోట్ సిగ్నల్ అందుకునే ఆ రిసీవర్. లూప్ పూర్తయ్యి నిలబడగానే సిగ్నల్ తెగింది. రిసీవర్ పాత అంకెలే పంపుతోంది కాబట్టి క్వాడ్‌కు మెదడులాంటి ఫ్లైట్ కంట్రోలర్‌కు ఆ సంగతే తెలియలేదు. మోటార్ల జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ సగంలో ఉన్నది సగంలోనే ఉండిపోయింది. వీడు మోటార్లు ఆపే స్విచ్ నొక్కుతూనే ఉన్నాడు. అది నేరుగా పిల్లలు క్రికెట్ ఆడుతున్న వైపు పోయి, ఒక కుర్రాడి చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకు కొట్టుకుంది. దెబ్బ ఎవరికీ తగల్లేదు. వాడి నాన్న పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని ఒక్క మాటా అనకుండా కొడుకు తల తడుముతూ నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. మా మిత్రుడు మళ్లీ రిమోట్ పట్టలేదు.

కాబట్టి సిగ్నల్ పోగానే రిసీవర్ ఏమీ పంపకుండా ఆగేలా పెట్టు. ఫ్లైట్ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌లో ఫెయిల్‌సేఫ్ రెండో దశ ‘డ్రాప్’ మీద, అంటే మోటార్లు ఆపి కింద పడేసేలా ఉండాలి. ప్రొపెల్లర్లు తీసి, మోటార్లు తిప్పి, రిమోట్ ఆపెయ్. ఒకటి రెండు సెకన్లలో అన్నీ ఆగాలి. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చెయ్యి.

ఇక పల్టీ. పల్టీలకు వాడే ఆక్రో మోడ్‌లో స్టిక్ వదిలేసినా క్వాడ్ తనంతట తాను సమంగా నిలబడదు. తలకిందులైతే ప్రొపెల్లర్ల తోపు దాన్ని నేలకేసి నెడుతుంది. అందుకే ముందు థ్రాటిల్‌తో ఒక్క ఊపున పైకి లేపు, తిరగడం మొదలవగానే బాగా తగ్గించు, నిటారుగా వచ్చాక అందుకో. ఎయిర్‌మోడ్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే థ్రాటిల్ సున్నాలో ఉన్నప్పుడు నీ మాట సరిగా వినదు. మొదట్లో రెండు కొబ్బరిచెట్ల ఎత్తుకు తగ్గకు. అనుమానమొస్తే వెంటనే డిసార్మ్ చెయ్యి, అంటే మోటార్లు ఆపెయ్. పడి విరిగితే విరగనీ, మోటారును మోసే ఆర్మ్ కొత్తది నేను కొనిస్తాను.

వీధిలో ఎగరేశావటగా! బుద్ధుందా? వైర్లు, బాల్కనీలు, జనం. కోతలైన పొలాల్లోకి వెళ్లు, అది కూడా ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో గ్రీన్ జోన్ (డ్రోన్‌కు ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అవునో కాదో చూసుకున్నాకే. సంక్రాంతి రోజుల్లో అసలొద్దు, గాలిపటాల దారం మోటార్లకు చుట్టుకుంటుంది. డ్రోన్ కెమెరా దృశ్యం చూపే గాగుల్స్ పెట్టుకుంటే పక్కనెవరొచ్చారో తెలియదు కాబట్టి తమ్ముణ్ని తోడు నిలబెట్టుకో. చిన్నప్పుడు నా గ్లైడర్ వెనక చెప్పుల్లేకుండా పరిగెత్తేదానివి, ఇప్పుడూ అలాగే వెళ్తావేమో, బూట్లు వేసుకెళ్లు తల్లీ.

ఆ ఫెయిల్‌సేఫ్ పరీక్ష వీడియో తీసి నాకు పంపు. అది చూశాకే గాగుల్స్‌కు డబ్బులు పంపుతాను.

మీ మావయ్య