ఆప్టిప్లెక్స్ 9020ని ఓవర్‌క్లాక్ చేయొచ్చా? దాని జోలికి పోకండి, ముందు ఆ హార్డ్ డిస్క్ మార్చండి

ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మీకు చవగ్గా దొరికింది. ఐ5 4590 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా పరిగెత్తిస్తే, స్పీడ్ పెరుగుతుందా అని అడిగారు.

దాన్ని ఓవర్‌క్లాక్ చేయడం కుదరదండీ. ప్రాసెసర్ పేరు చివర ‘కే’ అక్షరం లేదు, అంటే వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్‌కి ఇంటెల్ తాళం వేసే పంపింది. బోర్డు మీద ఉన్నది ఆఫీసు మెషిన్ల కోసం చేసిన క్యూ87 చిప్‌సెట్. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఎంత వెతికినా టర్బో ఆన్, ఆఫ్ లాంటివి తప్ప ఏమీ కనపడవు. అవసరమైనప్పుడు టర్బోతో ప్రాసెసర్ 3.3 గిగాహెర్ట్జ్ నుంచి 3.7 దాకా తనే వెళ్తుంది, మనం చెప్పక్కర్లేదు. ఒకవేళ కుదిరినా లాభం లేదు, ఎందుకంటే మీ మెషిన్ నిదానంగా ఉండటానికి కారణం ప్రాసెసర్ కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. సీపీయూ ఖాళీగా ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర కదలకుండా నిలబడి ఉంటుంది.

నాకు ఈ మోడల్ బాగా తెలుసు. తెనాలిలో మా బాబాయ్ డీటీపీ సెంటర్ నడిచేది దీని మీదే. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫోటోషాప్. మాఘమాసం ముహూర్తాల సీజన్‌లో ఒక పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘టైమ్ ఆఫ్ డే నాట్ సెట్’ అని వచ్చింది. ఎఫ్1 కొడితే బూట్ డివైస్ దొరకలేదంది. సర్వీస్ షాపు నుంచి ఒకతను వచ్చి, కనీసం మూత కూడా తీయకుండా, “మదర్‌బోర్డు పోయిందండీ, వీటికి స్పేర్లు రావు, కొత్తది తీసుకోండి” అని చెప్పి వెళ్లిపోయాడు. బాబాయ్ నాకు ఫోన్ చేసి, “ఒరే, 30 వేలంటున్నాడ్రా. ముహూర్తాలు పెట్టుకుని ఇప్పుడెక్కడ తేను?” అన్నాడు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. సాయంత్రం బస్సెక్కాను.

బోర్డు పోయిన మెషిన్ తెర మీదికొచ్చి టైమ్ సెట్ చేయమని అడగదు. లోపల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది, అంతే. వాచీ షాపులో కూడా దొరుకుతుంది. రాత్రి షాపు కట్టేసేటప్పుడు బాబాయ్ మెయిన్ ఆఫ్ చేసి వెళ్తాడు. కరెంటు లేక, బ్యాటరీ లేక బయాస్ తన సెట్టింగులన్నీ మర్చిపోయింది. విండోస్‌ని అప్పట్లో లెగసీ అనే పాత బూట్ మోడ్‌లో ఎక్కించారు, బయాస్ యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌లోకి వెళ్లి కూర్చుంది. బ్యాటరీ మార్చి, ఎఫ్2 కొట్టి, బూట్ మోడ్ లెగసీకి తిప్పాను. విండోస్ లేచింది. ఇంత చిన్నదానికి ఒక చిన్న వ్యాపారి చేత 30 వేలు ఖర్చు పెట్టించబోయారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కనీసం మూత తీసి చూడటం ఆ పని చేసేవాళ్ల బాధ్యత కాదా?

మూత తీశాను కాబట్టి మిగతా పని కూడా ఆ రాత్రే పెట్టుకున్నాను. ఈ డబ్బాల్లో నాకు బాగా నచ్చేది అదే, పక్క గొళ్లెం లాగితే మూత వచ్చేస్తుంది, చేత్తో పట్టుకుని తీయాల్సిన భాగాలు నీలం రంగులో ఉంటాయి. ఫ్యాన్ కింద హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. తుడిచి, కొత్త పేస్టు బియ్యపు గింజంత పెట్టి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఓవర్‌క్లాక్ గురించి ఆలోచించేవాళ్లెవరైనా ముందు ఈ దుమ్ము దులపాలి.

అసలు మార్పు వచ్చింది మాత్రం ఎస్ఎస్‌డీతో, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్‌తో. బాబాయ్ చేసేది 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ అనుకోండి. 72 డీపీఐలో, అంటే అంగుళానికి 72 చుక్కల లెక్కన పెట్టినా దాదాపు 6 కోట్ల పిక్సెళ్లు. ప్రింటింగ్‌కి వాడే సీఎంవైకే రంగుల్లో నిండుగా ఉన్న ఒక్క లేయరే సుమారు 240 ఎంబీ. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వినాయకుడు, పూల అంచు, వెనక బ్యాక్‌గ్రౌండ్, ఇలా లేయర్లు పెరిగేకొద్దీ 4 జీబీ ర్యామ్ నిండిపోతుంది. అప్పుడు ఫోటోషాప్ మిగతాదంతా డిస్క్ మీదికి తోస్తుంది. తిరిగే హార్డ్ డిస్క్ ఆ ముక్కల కోసం ముల్లుని అటూ ఇటూ పరిగెత్తిస్తూ ఉంటే కస్టమర్ కుర్చీలో కూర్చుని గడియారం చూస్తుంటాడు. ఆ ఎదురుచూపు ఏ ఓవర్‌క్లాకూ తగ్గించలేదు.

విండోస్ కొత్తగా ఎక్కించలేదు, పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేశాను. డీటీపీవాళ్లకి ఇది ముఖ్యం. ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ మొదటినుంచి పెట్టుకోవడం పెద్ద తలనొప్పి, సీడీలు ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తుండదు. క్లోన్ చేశాక బయాస్‌లో డిస్క్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే సాటా మోడ్ మాత్రం మార్చకండి, ఏది ఉంటే అదే ఉంచండి. మారిస్తే నీలం తెర వస్తుంది. పొద్దున బాబాయ్ వచ్చి ఆన్ చేసి, అలవాటు ప్రకారం టీ తాగొద్దామని లేచేలోపే డెస్క్‌టాప్ వచ్చేసింది. ఏమీ మాట్లాడలేదు. ఆపేసి మళ్లీ ఆన్ చేసి చూసుకున్నాడు.

తర్వాత 8 జీబీ డీడీఆర్3 ముక్కలు రెండు వేశాం. ర్యామ్ ఎప్పుడూ జతగా కొనండి, డ్యూయల్ చానల్ వస్తుంది, అంటే రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. మీది మినీ టవర్ అయినా, స్మాల్ ఫాం ఫ్యాక్టర్ అనే చిన్న డబ్బా అయినా నాలుగు స్లాట్లుంటాయి, 32 జీబీ దాకా పడుతుంది. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించే 8 జీబీ ముక్కల వివరాల్లో ‘ఏఎండీకి మాత్రమే’ అని చిన్నగా రాసి ఉంటుంది, అవి ఇందులో పనిచేయవు. సర్వర్ ర్యామ్ కూడా అంతే.

గ్రాఫిక్స్ కార్డు పెట్టాలని ఉంటే, విడిగా పవర్ వైరు అడిగే కార్డు వద్దు. మినీ టవర్‌లో ఉన్నది 290 వాట్ల సప్లయ్. దాని మెయిన్ కనెక్టర్ 8 పిన్నులది, బయట దొరికే 24 పిన్నుల సప్లయ్ నేరుగా ఎక్కదు, మధ్యలో అడాప్టర్ కావాలి. స్లాట్ ఇచ్చే 75 వాట్లతో నడిచే జీటీఎక్స్ 1050 టీఐ చాలు. స్మాల్ ఫాం ఫ్యాక్టర్ అయితే లో ప్రొఫైల్ అనే పొట్టి రకం తీసుకోవాలి.

ఇక విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు రావడం, 2025 అక్టోబర్ 14న ఆగింది. విండోస్ 11 లెక్క ప్రకారం ఇంటెల్ 8వ తరం కావాలి, మీది 4వ తరం. ఈ ఒక్క గీతతో ఇంత మంచి మెషిన్లు తుక్కులోకి పోతుంటే నాకు చాలా బాధగా ఉంది. ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న ఇలాంటి డబ్బా డిగ్రీ చదివే పిల్లలకి ఎక్సెల్, పైథాన్ నేర్చుకోవడానికి పూర్తిగా సరిపోతుంది. అదే పని ఫోన్‌లో చేయమంటే ఎలా చేస్తారు? బాబాయ్ పేజ్‌మేకర్ వదల్లేడు కాబట్టి అక్కడ విండోస్ 10నే ఉంచి నెట్ కేబుల్ తీసేశాం, ఫైళ్లు ఫోన్ నుంచి వైరుతో ఎక్కించుకుంటాడు. మీకు అలాంటి అవసరం లేకపోతే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోండి.

డబ్బులు ఒకేసారి పెట్టలేకపోతే ఈ నెల ఎస్ఎస్‌డీ, వచ్చే నెల ర్యామ్. బిళ్ల బ్యాటరీ మాత్రం మూత తీసిన రోజే మార్చేయండి.