కాపలాకు వెళ్ళే ముందు

సరయేవో,
2022 ఫిబ్రవరి 27.

అమ్మాయీ,

రష్యా దాడి మొదలయ్యాక నువ్వు కీవ్‌లో మీ వీధి కాపలా దళంలో చేరావని, చేతికి పసుపు పట్టీ కట్టుకొని మీ భవనాల ముందున్న ఇసుక బస్తాల దగ్గర రాత్రిళ్ళు నిలబడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. ఆమె వినేలా నిన్ను బాగా తిట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు కిటికీ దగ్గరే కూర్చుండిపోయాను, మా ఇంటి పిల్లే కదా అనిపించింది. ఈ మాట మీ అమ్మకు చెప్పకు. 1992 మే నెలలో ఆమె నాలుగేళ్ళ నిన్ను చంకన వేసుకొని బస్సుల బారులో ఈ ఊరు దాటిపోయింది కనుక సెర్బు సేనలు ఈ ఊరిని చుట్టుముట్టి సాగించిన ముట్టడి అంటే ఏమిటో నీకు గుర్తుండే అవకాశం లేదు. నాకు 1,425 రోజులూ గుర్తున్నాయి. 1996 ఫిబ్రవరి 29న ముట్టడి ముగిసిందని ప్రకటించారు. ఈ ఏడాది క్యాలెండరులో ఆ తేదీయే లేదు.

చిన్న సంగతులు ముందుగా చెప్పేస్తాను. కుళాయిలో నీళ్ళు వస్తున్నంతకాలం స్నానాల తొట్టి నిండుగా ఉండాలి. కిటికీ అద్దాలకు టేపు అంటించి, పడకను నడవలోకి మార్చు. బూట్లు చీకట్లో చేతికి అందేచోట ఉంచుకో. అందరి ఫోన్ నంబర్లూ కాగితం మీద రాసుకో. 1992 మే 2న మా ప్రధాన తపాలా కార్యాలయం కాలిపోయినప్పుడు వేలాది ఫోన్లు ఒక్కసారిగా మూగబోయాయి, ఎవరిని ఎక్కడ కలుసుకోవాలో ముందుగా అనుకోనివాళ్ళు నాలుగు వీధుల అవతల ఉన్న తల్లిదండ్రుల జాడ కోసం కూడా రోజులకు రోజులు తిరిగారు. సీసాల్లో పెట్రోలు నింపడం ఎలాగో మీ రక్షణ శాఖే చెబుతున్నదట కనుక నేను చెప్పవలసింది లేదు, వాటిని పడుకునే గదిలో మాత్రం పెట్టుకోకు. రొట్టెల దుకాణం ముందు గుంపులో నిలబడకు. మే 27న మా ఊళ్ళో అలా వరుసలో నిలబడ్డవాళ్ళ మీదే గుండ్లు పడ్డాయి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దారిన వెళ్ళేటప్పుడు నా నడక దానంతటదే వేగం పుంజుకుంటుంది.

అయితే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది వీటి కోసం కాదు. నిన్న నువ్వు మీ అమ్మకు పంపిన సందేశం చివర, ఎదుటి భవనం ఆరో అంతస్తులో ఒకడు ఫోన్ పట్టుకొని మాటిమాటికీ వీధిలోకి చూస్తున్నాడని, ఈ రాత్రి వాడి సంగతి తేలుస్తామని రాశావు. దాన్ని చదివినప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

మీ దగ్గర నిన్న సాయంత్రం 5 గంటల నుంచి రేపు ఉదయం 8 గంటల వరకు కర్ఫ్యూ పెట్టారని, ఆ సమయంలో బయట కనబడినవారిని శత్రువుల విధ్వంసక ముఠాల మనుషులుగానే పరిగణిస్తామని మీ మేయర్ చెప్పారని విన్నాను. ఆ ముఠాలు లేవని నేను అనను, ఆ ఆజ్ఞనూ తప్పుపట్టను. తెలియని మనిషి ఎదురైతే ‘పల్యానిత్స్యా’ అనమని అడిగి, ఆ రొట్టె పేరు పలకలేనివాణ్ణి రష్యావాడని అనుమానిస్తున్నారట కూడా. అమ్మాయీ, నీకు ఆ మాట సరిగ్గా పలుకుతుందా? కీవ్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నా నీ నాలుక మీద మన ఊరి యాస ఇంకా పోలేదని మీ ఆయనే వేళాకోళం చేస్తుంటాడు. ఇంకొక వీధి కాపలావాళ్ళకు నువ్వు చీకట్లో ఎదురుపడితే ఎలాగన్నది నాకున్న మొదటి భయం. రెండో భయం ఇంతకంటె పెద్దది, అది నీకు ఏమవుతుందోనన్నది కాదు.

1992 ఏప్రిల్‌లో మేము ఈ ఊళ్ళోనే మారియిన్ ద్వోర్ పేటలో ఉండేవాళ్ళం. మా ప్రాదేశిక రక్షణ దళం ఆయుధాలను అంతకు రెండేళ్ళ ముందే యుగోస్లావ్ సైన్యం లాక్కుపోయింది కనుక, చెత్త డబ్బాలూ బోర్లించిన వ్యానూ అడ్డుపెట్టి నిలబడ్డ మా పదకొండు మందికి కలిపి వేటతుపాకులు మూడే ఉన్నాయి. అందులో ఒకటి నా చేతిలో ఉండేది. నేను అప్పటికి రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. అర్ధరాత్రి దాటాక మా ఎదుటి మెట్లదారిలో, ఐదో అంతస్తు కిటికీలో ఒక దీపం వెలిగి ఆరింది, మళ్ళీ వెలిగి ఆరింది, కాసేపు ఆగి మళ్ళీ మొదలయ్యింది. ఆ కిటికీ ట్రెబెవిచ్ కొండ వైపే ఉండేది, కొండ మీద ఫిరంగులు ఉన్నాయి. కొండకు సైగ చేస్తున్నాడని ఎవరో అన్నారు. ఆ ఎవరో నేనే అయి ఉంటానని ఈ మధ్య ఒప్పుకుంటున్నాను.

ముగ్గురం మెట్లెక్కి తలుపు కొట్టాము, లోపలినుంచి జవాబు లేదు, తలుపు పగలగొట్టాము. డెబ్భై దాటిన మనిషి బనీనుతో వంటింట్లో నిలబడి ఉన్నాడు. దీపం ఎవరికి చూపిస్తున్నావని అడిగాను, ఆయన నా నోటివంకే చూస్తూ ఊరుకున్నాడు. మళ్ళీ అడిగాను. తలుపు మీద చూసిన సెర్బు పేరును బట్టి ఆ మౌనానికి అర్థం కూడా నేనే చెప్పుకొని, తుపాకీ మడమతో ఆయన భుజం మీద కొట్టాను. అప్పుడు కూడా ఏమీ మాట్లాడకపోయేసరికి కిందికి ఈడ్చుకొచ్చి, బొగ్గు నిలవ చేసే గదిలో పెట్టి గొళ్ళెం వేశాము. మిగిలిన గదుల్లోకి తొంగిచూడాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. దీపం తెల్లవారేదాకా వెలుగుతూ ఆరుతూనే ఉంది, లోపల ఇంకొకడు ఉన్నాడు చూశారా అని మేము కింద నిలబడి ఒకరికొకరం చెప్పుకున్నాము.

పొద్దున్నే మూడో అంతస్తు ఆవిడ వచ్చి మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయనకు చెవులు వినబడవు. భార్యకు పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచం మీదే ఉంది. ఆయన్ను పిలవాలంటే మంచం పక్కనున్న దీపం నొక్కుతుంది, వంటింటి గోడ మీద వెలుతురు కదలడం చూసి ఆయన వెళతాడు. మేము పైకి పరుగెత్తేసరికి ఆమె మంచం దిగే ప్రయత్నంలో నేలమీద పడి ఉంది, తుంటి ఎముక విరిగింది. ఆ రాత్రంతా ఆమె పిలిచింది భర్తను. నేను కాపలా కాశాను.

ఆ తర్వాత ముట్టడి ఉన్నంతకాలం బీరు కర్మాగారం ఊట దగ్గరినుంచి నీళ్ళు తెచ్చినప్పుడల్లా ఒక డబ్బా వాళ్ళ గుమ్మం ముందు పెట్టేవాణ్ణి. ఆయన తీసుకునేవాడు, ఖాళీ డబ్బా కడిగి బయట పెట్టేవాడు. ఒక్కసారి కూడా నన్ను లోపలికి రమ్మనలేదు, నేనూ ఆశించలేదు. గోడకు కొత్తగా బిగించిన తలుపు గడియ మాత్రం నేను వచ్చే వేళకు లోపలినుంచి వేసిన చప్పుడు వినిపించేది.

కనుక నా మాట విను. ఈ కర్ఫ్యూ పూర్తయ్యేలోగా మీ మెట్లదార్లు అన్నింటికీ ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి చెవులు వినబడవు, ఎవరు మంచం దిగలేరు, ఎవరికి చక్కెర జబ్బు, ఎవరి ఇంట్లో చంటిపిల్లలున్నారు అన్నది పగటిపూట తలుపు తట్టి అడిగి రాసుకోండి. కిటికీలకు మందపాటి దుప్పట్లు వేలాడదీయమని అప్పుడే చెప్పండి, సగం అనుమానాలు వాటితోనే పోతాయి. అనుమానం వచ్చి ఎవరి తలుపైనా తట్టవలసివస్తే ఆ మెట్లదారిలోనే ఉండే పెద్దావిడను ఒకరిని వెంటబెట్టుకొని వెళ్ళండి, తుపాకీ ఉన్న మనిషి ప్రశ్నలు అడగకూడదు, రెండు రాత్రులు నిద్రలేని మనిషి అసలు మెట్లెక్కనే కూడదు. అప్పటికీ అనుమానం తీరకపోతే పోలీసులకు అప్పగించండి తప్ప మీ బొగ్గుగది తాళం తీయకండి. నువ్వు చిన్నప్పుడు కూడా తొందరపాటు మనిషివే, పొయ్యి మీద పాలు పొంగాయని ఉత్తచేతులతో గిన్నె దించిన పిల్లవు. ఆ మచ్చ ఇంకా ఉందా?

ఆ ఆరో అంతస్తు మనిషి ఎవరో, ఆ ఫోన్‌లో ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడో తెలిసిందా? తెలిసిన వెంటనే రాయి. ఎంత రాత్రయినా మేలుకొని ఉంటాను.

నీ మామయ్య