ఎందుకు మానేస్తున్నారని అడిగావుగా

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. సూపర్‌వైజరు పని ఒప్పుకున్న మూడు నెలల్లోనే తొమ్మిదిమంది మానేశారని, నీమీద నీకే అనుమానం వస్తోందని రాశావు. ఆ అనుమానం కాసేపు పక్కన పెట్టి, ఉండిపోయినవాళ్లు ఎందుకు ఉన్నారో ముందు తెలుసుకో. నేను ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా వేసుకున్నాను.

నా దగ్గర ప్యాకింగులో ఒకావిడ పదకొండేళ్లు పనిచేసింది. కంపెనీ మీద అభిమానం అనుకునేవాణ్ణి. ఒకసారి పైనుంచి చెబితే షిఫ్టు అరగంట ఆలస్యంగా మొదలై, అరగంట ఆలస్యంగా ముగిసేలా మార్చాను. వారం తిరక్కుండా మానేసింది. పిల్లలు బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండొచ్చన్న ఒక్క కారణానికే అన్నేళ్లూ ఆ జీతంతో సర్దుకుందట. ఆ సంగతి ఆమె వెళ్లాక పక్కన పనిచేసినమ్మాయి చెప్పింది. ఆ కాగితం మీద సంతకం నాది. ముందే ఒక్కమాట అడిగి ఉంటే ఆమెవరకైనా పాత వేళలు ఉంచగలిగేవాణ్ణి. ఇప్పటికీ గుర్తొస్తే మనసు నొచ్చుకుంటుంది.

చిన్న జీతాలవాళ్లకు పని మారడం బయటికి కనిపించినంత తేలిక కాదమ్మా. వేరేచోట అడగడానికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. చేరాక మొదటి జీతం చేతికొచ్చేదాకా ఇల్లు గడవాలి. అందుకే ఇష్టం లేకపోయినా చాలామంది ఉండిపోతారు. నోరెత్తనివాళ్లంతా తృప్తిగా ఉన్నారనుకోకు. మరి చెప్పాపెట్టకుండా రావడం మానేసేవాళ్లో? నేను చూసినవాళ్లలో చాలామందికి నిజానికి కావలసింది రెండురోజుల సెలవు. బిడ్డకు జ్వరం, అడిగితే కసురుతారని భయం. రెండురోజులు రాకపోయాక మూడోరోజు మొహం చూపించలేక, అదే జీతానికి ఇంకోచోట చేరిపోతారు. సెలవు దొరకదు గనక ఉద్యోగమే వదిలేస్తారు. ఫోను చేస్తే నువ్వు తిట్టవని నీ మనుషులకు తెలియాలి. రాని మనిషికి సాయంత్రం నువ్వే ఫోను చెయ్యి. రేపు వస్తావా అనేముందు, ఇంట్లో అంతా బాగేనా అని అడుగు.

ఇదంతా చదివి జీతం ముఖ్యం కాదంటున్నాననుకునేవు. 1913లో ఫోర్డు కార్ల కంపెనీ సుమారు 14,000 మందిని నిలుపుకోవడానికి ఏడాదిలో 52,000 మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు ప్రకటించి, 9 గంటల పనిని 8కి తగ్గించాక మానేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. (ఆ 5 డాలర్లలో దాదాపు సగం బోనసు. అది ఇవ్వడానికి కంపెనీ మనుషులు కార్మికుల ఇళ్లకెళ్లి ఆరా తీసేవారు. ఆ పద్ధతి మాత్రం నాకు ససేమిరా నచ్చదు.) జీతం పెంచే అధికారం నీకు లేదు, నిజమే. కానీ ఒకరు మానేస్తే కొత్తవాళ్లను వెతకడానికి, నేర్పడానికి, ఈలోగా పాడయ్యే సరుకుకి ఎంతవుతోందో లెక్కరాసి పైవాళ్ల ముందు పెట్టు. ఓవర్‌టైము లెక్కలో ఒక్క గంట తప్పినా ఆ రోజే సరిచేయించు.

కొత్తవాళ్లను ఓపికున్న పాతమనిషి పక్కన వెయ్యి. వెళ్లినవాళ్లు తిరిగొస్తే కోపం పెట్టుకోకుండా చేర్చుకో.

షిఫ్టు పట్టిక ముందురోజు సాయంత్రం అంటిస్తున్నామని రాశావు చూడు, ముందు అది మార్చు. రెండువారాల ముందే గోడమీద ఉండాలి. అది వేసేముందు ఎవరికి ఏ వేళ కుదరదో ఒక్కొక్కరినీ అడిగి రాసుకో. వాళ్లేం చెప్పారో నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న