మేజోళ్ల ఆర్డరుకు చిహ్నం ఫోటో చాలా?

ప్రశ్న: మా పాఠశాల పేరు, చిహ్నం అల్లిన మేజోళ్లను పిల్లలందరికీ చేయించాలనుకుంటున్నాం. లూధియానాలోని ఒక తయారీదారు డిజైన్, కొలతలు పంపమన్నారు. చిహ్నం ఫోటో పంపితే సరిపోతుందా? ఇంకా ఏమేమి రాసివ్వాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: ఫోటో ఒక్కటే సరిపోదండీ. మీరు కోరిన బొమ్మను మేజోడు మీద అచ్చువేయరు, దారంతోనే అల్లుతారు. గుండ్రటి అల్లిక యంత్రంలో ఎన్ని సూదులుంటే చుట్టూ అన్ని దారపు ఉచ్చులే పడతాయి. 144 సూదుల యంత్రమైతే, మేజోడును పరిచినప్పుడు ఒక వైపు కనబడేవి 72 ఉచ్చులే. ఒక ఇంగ్లీషు అక్షరానికి సుమారు 5 ఉచ్చులు, పక్కన ఖాళీకి ఒకటి లెక్కవేసుకుంటే 12 అక్షరాలతోనే ఆ వైపంతా నిండిపోతుంది. గుడులు, ఒత్తులు ఉన్న తెలుగు అక్షరాలకు ఇంకా ఎక్కువ చోటు కావాలి. చిన్న సైజుల యంత్రాలకు సూదులు తక్కువగా ఉండవచ్చు కాబట్టి, ముందుగా ఏ సైజుకు ఎన్ని సూదులో అడిగి తెలుసుకొని, పాఠశాల పేరును పొడి అక్షరాలకు కుదించి, చిహ్నంలోని సూక్తిని తీసేయడం మంచిది. గడికి ఒక ఉచ్చు చొప్పున వారు గీసిన గ్రాఫును తెప్పించుకొని చూడండి. గుండ్రటి చిహ్నం కాలికి తొడిగేసరికి అడ్డంగా సాగి కోడిగుడ్డులా కనిపిస్తుంది గనుక, దాన్ని కాస్త నిలువుగా గీయించాలి.

రంగును ఫోను తెరమీద చూసి ఖాయం చేయకండి. పాంటోన్ సంఖ్య (రంగుల పట్టికలో ఒక్కో ఛాయకు ఉండే గుర్తింపు సంఖ్య) గాని, యూనిఫాం గుడ్డ ముక్క గాని పంపండి. ముదురు నీలం మేజోడులో లోపలి దారం తెల్లదైతే, సాగినచోట ఆ తెలుపు బయటపడుతుంది. లోపలి దారం కూడా ముదురు రంగుదే వేయమని రాయండి.

పూర్తిగా నూలువే కావాలని చాలామంది పట్టుబడతారు గాని, అవి త్వరగా జారిపోతాయి, మడమ దగ్గర అరిగిపోతాయి. నూలు 75 నుంచి 80 శాతం, మిగిలినది నైలాన్, కొద్దిగా ఎలాస్టేన్ (సాగే దారం) ఉండే మిశ్రమం బడి పిల్లలకు నప్పుతుంది.

అసలు దారంతో అల్లిన నమూనా చేతికి రానిదే మొత్తం సరుకుకు ఒప్పుకోవద్దు. నమూనాను తిరగేసి, చిహ్నం వెనుక వేలాడే దారాలలో వేలు చిక్కుకుంటుందేమో చూడండి. ఒక పిల్లవాడికి తొడిగి, పలుమార్లు ఉతికించి, పాదం పొడవును మళ్లీ కొలవండి. మీరు ఒప్పుకున్న నమూనాకు సంతకంతో చీటీ కట్టి ఒకటి వారికిచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

సైజులను బూట్ల నంబర్లలో కాక పాదం పొడవు సెంటీమీటర్లలోనే ఇవ్వండి. రంగుకు, సైజుకు కనీసం ఎన్ని జతలు తీసుకోవాలో అడిగాకే తరగతులవారీ జాబితా ఖాయం చేసి, కొత్తగా చేరే పిల్లల కోసం ప్రతి సైజులో కొన్ని జతలు కలపండి.