రేపటి ఫోన్లు: ఏది వస్తుంది, ఏది బొమ్మ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘ఈ వీడియో చూశాం, ఇలాంటి ఫోన్ నిజంగా ఉందా?’ అన్నవే. ఒకే తరహా ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

‘టెస్లా పై’ అనే ఫోన్ వస్తోందని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. ఎండకు దానంతటదే చార్జ్ అవుతుందట, సిమ్ లేకుండా స్టార్‌లింక్ ఉపగ్రహం నుంచి నెట్ వస్తుందట. 999 రూపాయలు కట్టి బుక్ చేసుకోమని లింక్ కూడా పంపారు. కట్టొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

కట్టొద్దు. ఆ ఫోన్ లేదు. 2021లో డిజైనర్లు సొంత ఊహతో కంప్యూటర్లో చేసిన బొమ్మ అది. టెస్లాకు దాంతో సంబంధం లేదు. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు కలుపుకుంటూ పోయారు.

ఉపగ్రహం మాట మాత్రం పూర్తిగా కట్టుకథ కాదు. ఇంటి మీద పెట్టే స్టార్‌లింక్ డిష్ 50 వాట్లకు పైగా కరెంటు తాగుతుంది. మీ ఫోన్ తన యాంటెనాతో బయటికి పంపే శక్తి 4జీలో మామూలుగా గరిష్ఠం 0.2 వాట్లు. ఇంత చిన్న గొంతుతో 550 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహంతో డిష్ స్థాయి వేగంలో మాట్లాడటం కుదరదు. చిన్న సందేశాలు మాత్రం పోతాయి. 2022లో ఐఫోన్ 14 ఆపత్కాల సందేశాన్ని అలాగే పంపింది. ఆకాశం తేటగా కనిపించే చోట నిలబడి, ఫోన్‌ను అది చూపిన దిక్కుకు తిప్పాలి. 2025 జూలై నుంచి అమెరికాలో టీ-మొబైల్ సంస్థ స్టార్‌లింక్ ఉపగ్రహాల ద్వారా మామూలు ఫోన్లకే సందేశాల సేవ ఇస్తోంది. అక్కడ కొత్తదనం ఫోన్లో లేదు. ఉపగ్రహానికి పెద్ద యాంటెనా బిగించి దాన్నే టవర్‌గా మార్చారు. కాబట్టి ‘ఉపగ్రహం ఫోన్’ అని విడిగా బుక్ చేయించేవాడిని అనుమానించాల్సిందే.

మన దేశంలో అమ్మే ఫోన్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ‘సార్’ విలువ, అంటే ఫోన్ రేడియో తరంగాల శక్తి మన ఒంటికి ఎంత పడుతుందో చెప్పాలి. బరువెంతో, బ్యాటరీ ఎంతో చెప్పకుండా గాల్లో గిరగిరా తిప్పి చూపించే వీడియో అంటే గ్రాఫిక్సే. డబ్బు ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చెబితే ఖాతాలో డబ్బు ఆపించే వీలుంటుంది. ఇంకోటి: దుబాయ్ నుంచి వచ్చే బంధువులతో తురాయా లాంటి అసలైన శాటిలైట్ ఫోన్ తెప్పించుకోవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గరుంటే ఇక్కడ కేసు అవుతుంది.

మా ఊళ్లో ఎండకు కొదవ లేదు. వెనకవైపు సోలార్ పలక పెడితే చార్జర్ గొడవే ఉండదు కదా? కంపెనీలు ఎందుకు తేవడం లేదు?
– రైతు, రెంటచింతల

తెచ్చాయి. 2009లో శాంసంగ్ మన దేశంలోనే ‘గురు’ పేరుతో సోలార్ ఫోన్ అమ్మింది. గంట ఎండలో పెడితే 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడుకోవచ్చని కంపెనీయే చెప్పింది. అది బటన్ల ఫోన్. ఇప్పటి ఫోన్ల ఆకలి వేరు.

లెక్క చూడండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు పడతాయి. ఫోన్ వీపు 16 సెంటీమీటర్లు పొడవు, 7.5 వెడల్పు అనుకుంటే దాని మీద పడేది 12 వాట్లు. మంచి పలక అందులో ఐదో వంతు పట్టుకుంటుంది, అంటే 2.4 వాట్లు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-అవర్లు. కాబట్టి కెమెరా గడ్డ ఆక్రమించిన చోటు, ఎండ వాలు, మార్పిడిలో పోయేది ఏదీ తీసేయకపోయినా 8 గంటలు నిట్టనిలువు ఎండ కావాలి. అంతసేపు ఆ ఎండ ఏ ఊళ్లోనూ ఉండదు. 2025 బార్సిలోనా మొబైల్ ప్రదర్శనలో ఇన్ఫినిక్స్ చూపిన సోలార్ నమూనా కూడా 2 వాట్ల దగ్గరే ఆగింది.

అసలు అడ్డం మీ ఊరి ఎండే. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. చేస్తే తొందరగా పాడవుతుంది, ఉబ్బుతుంది. అందుకే ఫోన్ తనే చార్జింగ్ ఆపేస్తుంది. మే నెలలో రెంటచింతలలో నీడలోనే 45 దాటే రోజులుంటాయి. ఎండలో పెట్టిన నల్ల గాజు ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు. చార్జ్ కావాలంటే ఎండ కావాలి, ఎండలో పెడితే చార్జ్ ఆగుతుంది!

పొలం దగ్గర నిజంగా పనికొచ్చే ఏర్పాటు ఇది: 20 వాట్ల మడత సోలార్ పలక, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, మీటరున్నర కేబుల్. పలక ఎండలో, పవర్ బ్యాంక్ చెట్టు నీడలో. పలక మీద 20 అని రాసి ఉన్నా చేతికొచ్చేది 10–12 వాట్లే అనుకోండి. నాలుగైదు గంటల్లో పవర్ బ్యాంక్ నిండుతుంది. ఫోన్‌ను నేరుగా పలకకు పెట్టొద్దు. మబ్బు పట్టినప్పుడల్లా వోల్టేజీ పడిపోతుంది. మళ్లీ ఎండ కాసినా చాలా ఫోన్లు తక్కువ కరెంటు దగ్గరే ఉండిపోతాయి, కేబుల్ పీకి పెట్టేదాకా వేగం అందుకోవు. సాయంత్రం చూస్తే అనుకున్నంత ఎక్కి ఉండదు.

జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ మడత ఫోన్ సగం ధరకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? లేక చాపలా చుట్టుకునే తెర ఫోన్ వచ్చేదాకా ఆగనా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

చుట్టుకునే తెర కోసం ఆగొద్దు. ఒప్పో 2020లో 6.7 నుంచి 7.4 అంగుళాలకు సాగే నమూనా చూపింది. ఎల్జీ 2021 జనవరిలో టీజర్ వదిలింది, ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారమే మూసేస్తున్నట్టు ప్రకటించింది. మోటరోలా 2023లో 5 నుంచి 6.5 అంగుళాలకు పెరిగేదాన్ని ప్రదర్శించింది. వాటిలో ఒక్కటీ దుకాణానికి రాలేదు. తెర సాగడానికి లోపల మోటారు, పట్టాలు కావాలి. అవి తినేసిన చోటు బ్యాటరీకి దక్కదు. తెర బయటికొచ్చే సందులోంచి దుమ్ము లోపలికి పోతుంది. పౌచ్ వేయలేం. లాప్‌టాప్‌లో చోటు ఎక్కువ, జేబులో పెట్టే పని లేదు కాబట్టి లెనోవో 14 నుంచి 16.7 అంగుళాలకు పెరిగే రోలబుల్ లాప్‌టాప్‌ను 2025లో అమ్మకానికే పెట్టింది.

మడత ఫోన్ వేరే సంగతి, అది నమూనా దశ దాటేసింది. కానీ పాతది కొనేటప్పుడు చూడాల్సింది మామూలు ఫోన్‌లో చూసేది కాదు. లోపలి తెరలో గాజు మందం సుమారు 30 మైక్రాన్లు, వెంట్రుకలో సగం కూడా ఉండదు. దాని మీద ప్లాస్టిక్ పొర. మీ వేలు తగిలేది ఆ ప్లాస్టిక్‌కే, గోరు గుచ్చినా గాటు పడుతుంది. మొదట పాడయ్యేవి మూడు: మడత దగ్గర పొర లేవడం, హింజ్‌లో (మడత కీలులో) ఇసుక చేరడం, తెర కింద ఫ్లెక్స్ కేబుల్ (వంగే పలుచని తీగపట్టీ) నలగడం.

దుకాణంలోనే పావుగంట తీసుకోండి. ఫోన్‌ను 90 డిగ్రీలకు, తర్వాత 120కి తెరిచి బల్ల మీద పెట్టండి. హింజ్ బాగుంటే అక్కడే నిలబడుతుంది, వదులైతే జారుతుంది. మూసి లైటుకు ఎదురుగా పట్టుకుని రెండు అంచుల సందు సమానంగా ఉందో లేదో చూడండి. చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తెరవండి. కరకర వినిపిస్తే లోపల ఇసుక ఉన్నట్టే, అది ఎప్పుడో ఒకప్పుడు కిందనుంచి తెరను పొడుస్తుంది. వీడియో పెట్టి పదిసార్లు మడిచి తెరవండి. మధ్యలో ఏ కోణంలోనైనా మిణుకుమంటే కేబుల్ పోయే దారిలో ఉంది, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. శాంసంగ్ అయితే డయలర్లో *#0*# కొడితే పరీక్షల మెనూ వస్తుంది. తెల్లరంగు, నల్లరంగు తెరలు పెట్టి గీతలు వెతకండి. టచ్ పరీక్షలో మడత మీదుగా అడ్డంగా వేలు లాగి, గీత తెగకుండా వస్తోందో లేదో చూడండి. *#06# కొట్టి ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు) తీసుకుని, ‘కేవైఎం’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కు సందేశం పంపితే దొంగ ఫోనో కాదో తెలుస్తుంది.

మడత దగ్గర పొర కాస్త లేచి ఉంటే ‘స్క్రీన్ గార్డే సార్, పీకేయొచ్చు’ అంటారు. పీకనివ్వకండి. 2019లో మొదటి గెలాక్సీ ఫోల్డ్‌ను పరీక్షించినవారిలో కొందరు అలా అనుకునే అసలు పొర పీకేసి తెర పోగొట్టారు. దాంతోపాటు మరికొన్ని లోపాలు బయటపడి విడుదల ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకు వాయిదా పడింది.

డబ్బు ఇచ్చేముందు ఆ మోడల్ లోపలి తెర మార్చడానికి ఎంతవుతుందో అధీకృత సర్వీస్ సెంటర్‌ను అడగండి. ఆ మొత్తం, వీళ్లు చెప్పే ధర కలిపితే కొత్తదాని ధరకు దగ్గరగా వస్తే బేరం లేనట్టే. పాత మడత ఫోన్లలో నీళ్లను తట్టుకునే రేటింగ్ ఐపీఎక్స్8 అని ఉంటుంది. ఎక్స్ ఉన్న చోట దుమ్ముకు పరీక్షే చేయలేదని అర్థం. నీళ్లలో పడినా బతుకుతుందేమో గానీ బీచ్‌కు తీసుకెళ్లే ఫోన్ కాదు.

అటు నుంచి ఇటు కనిపించే గాజు పలక లాంటి ఫోన్ సాధ్యమేనా?
– ఇంటర్ విద్యార్థిని, రాజమహేంద్రవరం

తెర వరకు సాధ్యమే. సోనీ ఎరిక్సన్ 2009లోనే ‘ప్యూర్‌నెస్’ అమ్మింది: 1.8 అంగుళాల పారదర్శక తెర, ఒకే రంగు, కెమెరా లేదు. తెర కింద భాగం మామూలు ఫోనే.

మిగతావి దాచేదెక్కడ? బ్యాటరీ అంటే రాగి రేకు, అల్యూమినియం రేకు, మధ్యలో నల్లటి గ్రాఫైట్. కెమెరా సెన్సర్ సంగతి ఇంకా విచిత్రం. వెలుతురును పట్టుకోవడమే దాని పని. వెలుతురు దాని గుండా దాటిపోతే ఫొటో ఎలా పడుతుంది? పైగా తనే వెలిగే పారదర్శక తెరకు నలుపు రాదు, నల్లగా ఉండాల్సిన చోట వెనకున్న గోడ కనిపిస్తుంది. ఎదుటి సీట్లో కూర్చున్నాయనకు మీ మెసేజ్ తిరగేసి కనిపిస్తుంది, అది వేరే తలనొప్పి. లెనోవో 2024లో చూపిన పారదర్శక లాప్‌టాప్‌లో సరంజామా అంతా కీబోర్డు కింద సర్దారు. ఫోన్‌లో ఆ ‘కింద’ లేదు.

50 ఏళ్లు చార్జింగ్ అక్కర్లేని అణు బ్యాటరీ చైనాలో తయారైందని చదివాను. ఫోన్లలో ఎప్పుడొస్తుంది?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అనంతపురం

వార్త నిజమే, ఫోన్‌కు ముడిపెట్టడమే అతి. 2024 జనవరిలో బీటావోల్ట్ అనే బీజింగ్ సంస్థ ప్రకటించిన బ్యాటరీ అది. నికెల్-63 అనే రేడియోధార్మిక పదార్థం వదిలే బీటా కణాల నుంచి కరెంటు తీస్తుంది. పొడవు వెడల్పులు 15 మిల్లీమీటర్లు, మందం 5. ఇచ్చేది 100 మైక్రోవాట్లు, అంటే వాట్‌లో పదివేలో వంతు.

ఫోన్‌లో వీడియో చూస్తే ఒక వాట్ పైనే ఖర్చవుతుంది. ఒక వాట్ కావాలంటే అలాంటివి 10,000 పేర్చాలి. ఆ గుట్ట 11 లీటర్లు, బిందెడు బ్యాటరీలన్నమాట. పోనీ ఒక్కటే పెట్టి మెల్లగా మామూలు బ్యాటరీని నింపుదామంటే, రోజుకు 2.4 మిల్లీవాట్-అవర్ల చొప్పున ఒకసారి నిండటానికి 21 ఏళ్లు దాటుతుంది. మనిషి చేయి అందని చోట పెట్టే సెన్సర్లకు మాత్రం ఇది బంగారం.

గదిలో అడుగుపెడితే చాలు, గాలిలోంచే చార్జ్ అయ్యే ఫోన్?
– గృహిణి, విజయవాడ

షావోమీ 2021 జనవరిలో చూపింది: 144 యాంటెనాల పెట్టె, కొన్ని మీటర్ల దూరంలోని ఫోన్‌కు 5 వాట్లు. అంగడికి రాలేదు. వైర్‌లెస్ ప్యాడ్ మీద తీగచుట్టలు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడే కొంత శక్తి వేడిగా పోతుంది, అందుకే ఫోన్ వేడెక్కుతుంది. మీటర్ల దూరం పంపాలంటే పెట్టె ఎన్నో రెట్లు ఎక్కువ వదలాలి. ఆ దారిలో మనుషులుంటారు. మన దేశంలో ఫోన్‌కు ‘సార్’ హద్దే శరీర కణజాలం కిలోకు 1.6 వాట్లు. గోడ గడియారం, రిమోట్ లాంటి కొంచెం తినే వాటికి ఈ పద్ధతి ముందు రావచ్చు.

ఇవన్నీ సరే, నిజంగా వచ్చేసిన కొత్తదనం ఏది? ఇప్పుడు ఫోన్ కొనేవాళ్లం ఏం చూడాలి?
– మొబైల్ దుకాణదారు, కరీంనగర్

సిలికాన్-కార్బన్ బ్యాటరీ. వీడియోల్లో మెరవదు గానీ, రోజూ తేడా తెలిసేది ఇదే. మామూలు బ్యాటరీ ఆనోడ్‌లోని (రుణధ్రువంలోని) గ్రాఫైట్ గ్రాముకు 372 ఎంఏహెచ్ నిల్వ చేస్తే, సిలికాన్ దాదాపు 3,600 చేయగలదు. చిక్కేమిటంటే లిథియం నిండేకొద్దీ సిలికాన్ మూడింతలకు పైగా ఉబ్బి పగిలిపోతుంది. అందుకని పూర్తిగా వాడకుండా కార్బన్‌లో కొద్దిగా కలుపుతారు. అంతమాత్రానికే అదే సైజు ఫోన్‌లో 7,000 ఎంఏహెచ్ పట్టేసింది, 2025లో మన మార్కెట్లో అలాంటివి అమ్మారు.

మీ దుకాణానికొచ్చే కొందరు ‘చైనాలో ఇదే ఫోన్‌కు పెద్ద బ్యాటరీ ఉంది, ఇక్కడ తగ్గించి మోసం చేశారు’ అంటుంటారు. అన్నిసార్లూ మోసం కాదు. ఒక్కో సెల్ 20 వాట్-అవర్లు, అంటే సుమారు 5,200 ఎంఏహెచ్ దాటితే అంతర్జాతీయ రవాణాలో ప్రమాదకర సరుకు నిబంధనలు కఠినమవుతాయి. దాన్ని తప్పించుకోవడానికి కొన్ని కంపెనీలు బ్యాటరీని రెండు సెల్స్‌గా చీలుస్తాయి, కొన్ని సామర్థ్యమే తగ్గిస్తాయి. పెట్టె మీద ‘టిపికల్’, ‘రేటెడ్’ అని రెండు అంకెలుంటే పోల్చాల్సింది రెండోదాన్ని, అది కంపెనీ హామీ ఇచ్చే కనీస సామర్థ్యం. ఉబ్బు భయం ఉన్నవాళ్లకు 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఆన్ చేసి ఇవ్వండి. 7,000లో 80 శాతమంటే 5,600, 5,000 ఎంఏహెచ్ పాత ఫోన్ నిండా చార్జ్ చేసినా అంత ఉండేది కాదు.